నాలుగో మైకు దగ్గర సమావేశం

భీమిలి దగ్గరున్న సముద్ర ధ్వని ప్రయోగశాలలో పనిచేసేవాళ్ళు పదకొండు మంది. ప్రతి సోమవారం పదింటికి అందరూ ఒకచోట కూర్చుని వారం పని మాట్లాడుకోవాలన్నది నియమం. ఆ పదకొండు మందీ ఏ ఒక్క సోమవారమూ కలిసి కూర్చున్న పాపాన పోలేదు.

డైరెక్టర్ భానోజీరావు గారు తన పనులన్నీ జేబు డైరీలో రాసుకునేవారు. ఆ డైరీ ఇంకొకరికి కనిపించేది కాదు. కాకినాడలో ఉండే ఇద్దరూ ఫోన్ క్యాలెండర్ చూసుకునేవారు. సర్వే పడవ ఇంజనీరు గడియారంలో లండన్ టైము పెట్టుకుని ఐదున్నర గంటలు కలపడం మరిచిపోయేవాడు. ప్రయోగశాల పడవ నడిపే సూరాడ ఎర్రయ్యకు వారాలతో పని లేదు, తిథులే లెక్క. వీటన్నిటికీ తోడు, రెండేళ్ళ కిందట బదిలీ అయిపోయిన ఒకావిడ పెట్టిన బుధవారం సమావేశం ఇప్పటికీ అందరి ఫోన్లలోనూ మోగుతూ ఉండేది. దాన్ని తీసేసే అధికారం ఆవిడకు తప్ప ఎవరికీ లేదు. ఆవిడ నంబరు ఎవరి దగ్గరా లేదు.

తారకేశ్వరి ఆ ప్రయోగశాలకు వచ్చి ఆరు నెలలైంది. సముద్రంలో దించిన ఎనిమిది నీటి మైకులు రాత్రింబవళ్ళు పంపే శబ్దాలను వేరుచేసి, ఏది పడవో ఏది చేపో గుర్తుపట్టే ప్రోగ్రాములు రాయడం ఆమె ఉద్యోగం. నాలుగు సోమవారాలు ఖాళీ గదిలో ఒక్కతే కూర్చున్నాక ఆమెకు విసుగొచ్చింది. ఐదో సోమవారం నుంచి, తన పని పక్కన పెట్టి, 'కూడలి' రాయడం మొదలుపెట్టింది.

కూడలి ఉమ్మడి క్యాలెండర్. కానీ అందులో ఎవరూ ఏమీ నింపనక్కర్లేదు. ఆఫీసులో ఎవరు ఎవరితో, ఎక్కడ, ఎంతసేపు మాట్లాడుతున్నారో వాళ్ళ ఫోన్లలో వినిపించే గొంతులను బట్టి అదే గుర్తుపడుతుంది. ఒకే మనుషులు ఒక వరసలో మూడుసార్లు కలిస్తే దాన్ని సమావేశం కింద లెక్కవేసి, అందరికీ కనిపించేలా రాసిపెడుతుంది. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, మాట్లాడుకున్నాక ఎవరు ఎటు వెళ్ళి ఏం చేశారు, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. వేళ మారితే అందరి ఫోన్లలోనూ మారిపోతుంది. తారక అందరి దగ్గరా సంతకాలు తీసుకుని దాన్ని సర్వర్లో పెట్టింది.

మూడు నెలల తర్వాత కూడలి మొదటి జాబితా ఇచ్చింది. సోమవారం సమావేశం అందులో లేదు. దాని బదులు ఇంకొకటి ఉంది: గురువారం, సాయంత్రం నాలుగు, జెట్టీ షెడ్డు వెనక, ఎర్రయ్య పొయ్యి దగ్గర, ఏడుగురు, నలభై నిమిషాలు. గడచిన మూడు నెలల్లో ప్రయోగశాలలో జరిగిన పనులన్నిటికీ మొదలు అక్కడే ఉంది.

భానోజీరావు గారు ఆ జాబితాను రెండుసార్లు చదివారు.

"మరి ఆ టీకి నన్నెందుకు పిలవలేదు ఎవరూ?" అన్నారు చివరికి.

"ఎవరూ ఎవర్నీ పిలవలేదు సర్. టీ వాసనకి వచ్చేవాళ్ళే," అంది తారక.

ఆ రోజుతో సోమవారం సమావేశం రద్దయింది. గురువారం నాలుగింటికి షెడ్డు వెనక పదకొండు గ్లాసులు కనిపించసాగాయి.

కార్తీక మాసంలో ఒక ఉదయం తారక కంప్యూటర్ తెరిచేసరికి కూడలిలో కొత్త వరస ఉంది. పేరు లేని సమావేశం. సభ్యులు తొమ్మిది మంది. స్థలం, నాలుగో మైకు. వేళ, ఉదయం తొమ్మిది దాటాక. వ్యవధి, ముప్ఫై ఐదు నిమిషాలు.

ఆమె లేచి వెళ్ళి డైరెక్టర్ గారిని పిలుచుకొచ్చింది.

"ఎవరమ్మా ఈ తొమ్మిది మంది? మనమే పదకొండుగురం."

"నాలుగో మైకు గదిలో లేదు సర్. తీరానికి ఆరు కిలోమీటర్ల దూరాన, పద్దెనిమిది మీటర్ల లోతులో ఉంది."

జరిగింది ఆమెకు అప్పటికే అర్థమైంది. కూడలికి గొంతుల రికార్డులు చూపించినప్పుడు, నీటి మైకుల రికార్డులు కూడా అదే ఫోల్డర్లో ఉన్నాయి. కూడలికి మనిషి గొంతుకూ ఇంకో గొంతుకూ తేడా తెలియదు. ఒకే గొంతు మళ్ళీ మళ్ళీ వినిపిస్తే దానికో అంకె ఇస్తుంది. అలా నీళ్ళలో తొమ్మిది అంకెలు ఇచ్చింది.

భానోజీరావు గారు హెడ్‌ఫోన్ పెట్టుకున్నారు. సన్నని ఈల ఒకటి పైకి లేచి విరిగింది. కొంచెం ఆగి ఇంకో ఈల, దాని ఎత్తుపల్లాలు వేరు. ఆయన కుర్చీలో అలాగే వాలిపోయారు.

"డాల్ఫిన్లు. ఒక్కోదానికి ఒక్కో ఈల ఉంటుందమ్మా, మనకు పేరున్నట్టు. ముప్ఫయ్యేళ్ళుగా వింటున్నాను. ఏ ఈల ఎవరిదో నాలుగింటికి మించి పోల్చుకోలేకపోయాను. ఇది తొమ్మిదింటినీ హాజరు పట్టీలో వేసింది!"

కానీ అవి ఏ లెక్కన కలుస్తున్నాయో ఇద్దరికీ అంతుపట్టలేదు. ఒకసారి పద్నాలుగు రోజులు, ఒకసారి పదిహేను. వారాల లెక్కకు అందడం లేదు. గురువారం టీ దగ్గర ఆ తేదీలు ఎర్రయ్యకు చూపించారు. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు.

"ఇవన్నీ అష్టములే కదమ్మా," అన్నాడు. "అమాసకీ పున్నానికీ నీరు పోటెత్తి పరిగెడతాది. అష్టమికి ఆటూ పోటూ రెండూ నీరసంగుంటాయి. ఆ కాసేపూ నీరు నిలబడిపోద్ది. నాలుగు మాటలాడుకోడానికి అంతకంటే మంచి యేళ ఏటుంటాది?"

తర్వాతి అష్టమికి ముగ్గురూ పడవలో వెళ్ళారు. ఎర్రయ్య అర కిలోమీటరు ముందే ఇంజను ఆపేశాడు. నీళ్ళు నూనె పోసినట్టున్నాయి. తొమ్మిది దాటి పది నిమిషాలకు ఉత్తరం నుంచి మూడు బూడిదరంగు వీపులు వచ్చాయి. దక్షిణం నుంచి నాలుగు. కాసేపటికి లోతు వైపు నుంచి రెండు, ఆలస్యంగా వచ్చినవాళ్ళు సభలోకి చొరబడినట్టు వచ్చి మధ్యలో చేరాయి. మామూలుగా ఈ మూడు గుంపులూ ఒకదాని జోలికి ఒకటి పోవు.

తారక మైకు తీగను నీళ్ళలోకి దించి చిన్న స్పీకరు పడవ అంచున పెట్టింది. ఒకదాని తర్వాత ఒకటి తొమ్మిది ఈలలు. ఆ తర్వాత దడదడమని టిక్కుల వాన. ఒకటి మాట్లాడుతుంటే తక్కినవి ఊరుకుంటున్నాయి. ముప్ఫై ఐదు నిమిషాలకు అన్నీ ఒక్కసారి ఊపిరి వదిలి, వచ్చిన దారిని కాకుండా వేరే దారుల్లో వెళ్ళిపోయాయి.

"ఏం మాట్లాడుకుని ఉంటాయి సర్?"

భానోజీరావు గారు పడవ అంచు మీదికి వంగారు. "అది తెలిస్తే నేను ఇంకేమీ అడగను ఈ జన్మకి," అన్నారు.

అది తెలుసుకున్నది ఆయన కాదు. ఎర్రయ్య కూతురు నూకరత్నం.

ఎర్రయ్యది ప్రయోగశాలకు రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న నూకాలపేట. అరవై బోట్లున్న పేట. కూతురూ అల్లుడు దానయ్యా ఆయనతోనే ఉంటారు. దానయ్య వేటకెళితే నూకరత్నం చేపల తట్ట నెత్తిన పెట్టుకుని భీమిలి బజారుకెళ్ళేది. రెండేళ్ళుగా తట్ట నిండిన రోజు లేదు. దానయ్య తెల్లవారకుండా వెళ్ళి, పదకొండింటికి తడిసిన వల తప్ప ఏమీ లేకుండా తిరిగొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకునేవాడు.

ఒక మధ్యాహ్నం ఎర్రయ్య భోజనం చేస్తూ కూతురికి ఫోన్లో కూడలి చూపించాడు. డాల్ఫిన్ల హాజరు చూసి ఆమె నవ్వింది. పక్కనున్న వరస చదివి నవ్వు ఆపేసింది. అది 'తర్వాత ఏం చేశారు' అన్న వరస. కిందటి అష్టమి తర్వాత ఉత్తరపు గుంపు పది రోజులు ఏడో మైకు దగ్గరే ఉంది. అంతకుముందు అష్టమి తర్వాత మూడు గుంపులూ రెండో మైకుకి తూర్పున ఉన్నాయి.

"అయ్యా, రెండో మైకంటే ఎక్కడ?"

"పావురాల బండకి ఇవతల."

"ఆ పదిరోజులూ అక్కడ కానాగంత సేపలు పడ్డాయి. మన సిన్నబ్బి బోటుకి పడ్డాయి, గుర్తులేదేటి?" ఆమె అన్నం కలిపిన చెయ్యి కడుక్కోకుండానే ఫోన్ తీసుకుంది. "అయి కబుర్లు సెప్పుకోడం లేదయ్యా. ఎక్కడ సేపుందో సెప్పుకుంటన్నాయి. పక్షం రోజులకి సముద్రాన్ని పంచుకుంటన్నాయి."

మర్నాడు ఆమె తట్టతోనే ప్రయోగశాలకు వచ్చి తారకకు ఆ మాట చెప్పింది. తారక పాత రికార్డులన్నీ తీసి, చేపల గుంపులు చేసే గుసగుసల శబ్దంతో పోల్చి చూసింది. పదకొండు అష్టముల్లో పదింటికి నూకరత్నం మాట నిజమైంది.

భానోజీరావు గారు పిల్లాడిలా సంబరపడ్డారు. తర్వాత కొంచెం తగ్గి, "దీన్ని ఇప్పుడే బయట పెట్టొద్దమ్మా. ఇంకో ఏడాది చూద్దాం," అన్నారు.

"వెతుక్కోకుండా అందరికీ దొరకాలనే కదా సర్ కూడలి రాశాను. కనిపెట్టింది ఆవిడ. ఆవిడకే కనపడకుండా ఎలా దాస్తాం?"

తారక నూకరత్నం ఫోన్లో కూడలి పెట్టి ఇచ్చింది. దాంట్లో 'పంచుకోండి' అని ఒక బొత్తం ఉంది. దాన్ని మూసెయ్యాలన్న ఆలోచన ఆమెకు రాలేదు.

మార్గశిరం అంతా నూకాలపేటలో తట్టలు నిండాయి. దానయ్య ఇంటికొచ్చి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఒకరోజు నూకరత్నం తారకకు అరటాకులో చుట్టి వేయించిన కవళ్ళ చేపలు తెచ్చింది. "మా ఆయన పాటలు పాడతన్నాడు మేడంగోరూ. పెళ్ళయి తొమ్మిదేళ్ళు, ఆడికి పాటొచ్చని నాకు తెల్దు," అంది. ఆమె కూడలిని ఆడపడుచుకు పంపింది. ఆడపడుచు తన పేటకు పంపింది. తారక తన గదిలో కూర్చుని, కూడలిని చూస్తున్నవాళ్ళ సంఖ్య ఇరవై నుంచి మూడు వందలకు పెరగడం చూసి గర్వపడింది.

మొదట్లో బోట్లు అష్టమి అయ్యాక డాల్ఫిన్లు వెళ్ళిన దిక్కుకు వెళ్ళేవి. తర్వాత కొందరికి అంతదాకా ఆగడం ఎందుకనిపించింది. సమావేశం ఎక్కడో, ఎప్పుడో నిమిషాలతో సహా తెలుసు. అక్కడే కాపు కాస్తే, విడిపోయిన గుంపు వెంటనే పోవచ్చు.

పుష్య బహుళ అష్టమి నాడు నాలుగో మైకు చుట్టూ డెబ్భై నాలుగు బోట్లున్నాయి. నాలుగు పేటల బోట్లు. విహారానికి జనాన్ని ఎక్కించుకొచ్చిన బోట్లు రెండు. ఇంజన్లు ఆపినవాళ్ళు ఆపారు, ఆపనివాళ్ళు ఆపలేదు. దానయ్య బోటు ముందు వరసలో ఉంది.

పావుగంట కూడా కాకముందే డాల్ఫిన్లు చెదిరాయి. అవి ఏ దిక్కుకు కదిలాయో ఆ దిక్కుకు బోట్లన్నీ ఒక్కసారి లేచాయి. పక్క బోటు తన మీదకు వస్తుంటే దానయ్య వంగి కుడిచేత్తో దాన్ని నెట్టబోయాడు. వెనక నుంచి మూడోది తగిలింది. రెండు బోట్ల అంచుల మధ్య అతని మణికట్టు నలిగిపోయింది. అతను చుక్కాని వదిలేశాడు. వదిలేసిన బోటు గిర్రున తిరిగింది. దాని కింద ఏదో మెత్తగా తగిలి ఇంజను ఒక్క క్షణం మూలిగి మళ్ళీ తిరిగింది. బోటు వెనక నీళ్ళు ఎర్రబడ్డాయి. అది తన రక్తమే అనుకున్నాడు దానయ్య. తన చెయ్యి ముందువైపు ఉందనీ, ఎరుపు వెనకవైపు ఉందనీ ఆ తర్వాత గుర్తొచ్చింది.

విశాఖపట్నం ఆసుపత్రిలో అతనికి మూడుసార్లు ఆపరేషన్ చేశారు. చెయ్యి దక్కింది. పట్టు రాదన్నారు. ఆ చేత్తో వల లాగలేడు.

తారక ఆసుపత్రికి వెళ్ళింది. బయట బల్ల మీద కూర్చున్న ఎర్రయ్య ఆమెను చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. ఎప్పుడూ అనే 'రండమ్మా' అనలేదు.

"నీనే సూపించినాను దానికి," అన్నాడు. "నా ఫోన్లోనే."

"ఆ బొత్తం పెట్టింది నేను, ఎర్రయ్య గారూ."

వెనక్కి వచ్చిన సాయంత్రమే ఆమె కూడలిలో డాల్ఫిన్ల వరసను తన ఒక్క కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా కనపడకుండా మూసేసింది.

మాఘ శుద్ధ అష్టమికి నాలుగో మైకు దగ్గరకు ఒక్క బోటూ పోలేదు. దెబ్బలకు అందరూ జంకారు. ఆ మధ్యాహ్నం కూడలి ఎప్పటిలాగే వరస రాసింది. సభ్యులు తొమ్మిది మంది. హాజరు, ఎనిమిది. రానిది ఆరో అంకె. దాని కింద ఇంతకు ముందెప్పుడూ రాయనిది ఒకటి రాసింది: 'ఆరో సభ్యుని గొంతు వినిపించింది. పలికినది ఆరో సభ్యుడు కాదు.'

తారకకు అది పొరపాటనిపించింది. రికార్డు తెరిచి వింది. విన్నాక పొరపాటు కాదని తెలిసింది.

మర్నాడు నూకరత్నం వచ్చింది. తట్ట లేదు. గుమ్మం దగ్గరే నిలబడి ఫోన్ చాపింది.

"దీన్ని నా ఫోన్లోంచి తీసీండి మేడంగోరూ. ఎలా తియ్యాలో నాకు తెల్దు."

తారక తీసేసి ఫోన్ తిరిగిచ్చింది. నూకరత్నం కదల్లేదు.

"ఆ రోజు మా బోటు కింద పడ్డాది సచ్చిపోనాదా?"

"తెలీదు. నిన్న అది రాలేదు."

"మిగతాయి వచ్చినాయా?"

"వచ్చాయి. వింటావా?"

తారక హెడ్‌ఫోన్ ఆమె చెవులకు పెట్టి రికార్డు నడిపించింది. ఐదు ఈలలు ఒక్కొక్కటే వచ్చాయి. ఆరోదాని వేళకు ఏమీ లేదు. నీటి హోరు. అప్పుడు రెండో అంకె ఇచ్చిన డాల్ఫిన్ తన ఈల కాకుండా ఆరోదాని ఈల వేసింది. మళ్ళీ నిశ్శబ్దం. మూడోది వేసింది, అదే ఈల. నిశ్శబ్దం. అలా మూడుసార్లయ్యాక ఏడోది తన పేరు చెప్పింది.

నూకరత్నం హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది.

"పేరెట్టి పిలుస్తన్నాయి," అంది. "పలుకుతాదేమోనని ఆగుతన్నాయి. సముద్రం మీద ఏటకి పోయినోడు రాకపోతే ఒడ్డున నిలబడి మేం ఇలాగే పిలుస్తాం."

ఆ తర్వాతి అష్టమికి కూడలి 'జరగలేదు' అని రాసింది. ఆపై అష్టమికీ అంతే. చేపల గుంపులు ఎక్కడున్నాయో పేటకు తెలియడం మానేసింది. నూకాలపేట తట్టలు మళ్ళీ తేలికయ్యాయి. మనుగడలో లేని సమావేశం కింద లెక్కవేసి కూడలి ఆ వరసను బూడిదరంగులోకి మార్చింది.

ఫాల్గుణం చివర, ఉగాదికి నాలుగు రోజుల ముందు, తారక తెరమీద కొత్త వరస వెలిసింది. పేరు లేని సమావేశం. సభ్యులు ఎనిమిది మంది. ప్రతి దశమికి, మధ్యాహ్నం మూడు దాటాక. మూడుసార్లు జరిగాక రాయడం కూడలి పద్ధతి. స్థలం కూడా రాసింది. నాలుగో మైకుకు చాలా దూరం.

భానోజీరావు గారు ఆ వరసను చూసి కళ్ళద్దాలు తీసేశారు.

"మారిపోయాయన్నమాట. ఎవరు చెప్పారు, ఎవరు ఒప్పుకున్నారు? అష్టమి వద్దు, దశమి అని తీర్మానం ఎలా చేశాయి? తారకా, ఒక్క పడవ. మనిద్దరం, ఇంజను లేకుండా, తెడ్లతో."

"ముందు మనమూ ఒక్క పడవలోనే వెళ్ళాం సర్."

ఆమె చెప్పదలచుకున్నది రెండు రోజులు ఆలోచించుకుని వచ్చింది.

"ఈ వరస చెరిపేస్తే అవి ఎప్పుడు కలుస్తాయో ఎవరికీ తెలీదు. తెలీక ఏదో ఒక బోటు మధ్యలోకి పోతుంది. చూపిస్తే డెబ్భై బోట్లు పోతాయి. అందుకని వేళ చూపిస్తాను, చోటు చూపించను. ఆ గంటన్నర ఈ తీరంలో ఎవరూ ఇంజను వెయ్యకూడదని పేటల్ని అడుగుతాను. చోటు మన దగ్గరున్నా ఏదో రోజు బయటికి పోతుంది. కాబట్టి మన దగ్గర కూడా ఉండదు. కూడలి విని, జరిగిందో లేదో తేల్చి, చోటునీ రికార్డునీ అక్కడికక్కడే చెరిపేస్తుంది."

"రికార్డు కూడానా?"

"రికార్డులో అది ఏ మైకుదో ఉంటుంది సర్."

భానోజీరావు గారు లేచి కిటికీ దగ్గరకు వెళ్ళారు. ఆయన రిటైరవడానికి పద్నాలుగు నెలలుంది. కిటికీ ఊచ పట్టుకుని, "అవేం మాట్లాడుకుంటాయో నాకు తెలియకుండానే పోతుంది," అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. తారకకు కోపమే నయమనిపించింది.

"అవును సర్."

"వెళ్ళి అడుగు. పేట ఒప్పుకుంటే నేను సంతకం పెడతాను."

నూకాలపేట చేపల వేలం షెడ్డులో ఆదివారం మధ్యాహ్నం జనం కూడారు. మిగతా పేటల నుంచి కూడా పెద్దలు వచ్చారు. తారక చెప్పింది విని మొదట ఎవరూ ఒప్పుకోలేదు.

"పక్షానికో పూట ఏట మానుకోమంటారా? మా పొట్ట మీద కొట్టి డాల్ఫిన్లకి సభలు పెట్టిస్తారేటి?" అని ఒక పెద్దాయన లేచాడు.

"అది ఎక్కడో సెప్పండి, ఆ సుట్టుపక్కలకి పోం. తీరం తీరం మూసీమంటారేటి?" అన్నాడు పక్కపేట లచ్చయ్య.

నూకరత్నం లేచి నిలబడింది. షెడ్డులో ఆడవాళ్ళు లేచి మాట్లాడటం కొత్త కాదు, వేలం పాడేది వాళ్ళే.

"ఎక్కడో సెప్తే ఏటవుద్దో సూసినాం," అంది. "మా ఆయన సెయ్యి సూడండి. ఆ రోజు మా బోటు ముందు వరసలోనే ఉంది, నీనే పంపినాను. ఆ సమావేశం ఎక్కడో కనిపెట్టింది కూడా నీనే. అందుకే సెప్తన్నాను. తెలిస్తే ఎవురమూ ఆగలేం, నీనూ ఆగలేను. అందుకని తెలవకూడదు. అయి మాటాడుకుంటేనే సేప ఎక్కడుందో వాటికి తెలస్తాది. వాటి ఎనక పోయినన్నాళ్ళు మనకీ తెలిసింది. ఇప్పుడు మాటలే మానేత్తే ఎవురికీ ఏటీ లేదు."

వాదన సాయంత్రం దాకా నడిచింది. చివరికి మూడు పేటలు ఒప్పుకున్నాయి. లచ్చయ్య పేట తేల్చలేదు, చూద్దామంది. ఆ రాబోయే దశమి నుంచి కట్టుబాటు. ఒప్పుకున్నవాళ్ళందరి ఫోన్లలోనూ కూడలి ఒకే ఒక్క గడి చూపించింది: మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర, వేట లేదు. ఎందుకన్నది రాయలేదు. చోటు లేదు.

శ్రీరామనవమి మర్నాడు దశమి. రెండున్నరకే తారక నూకాలపేట ఒడ్డుకు వచ్చింది. భానోజీరావు గారు ప్రయోగశాలలోనే ఉండిపోయారు. ఒడ్డు పొడవునా బోట్లు ఇసక మీదికి లాగి ఉన్నాయి. మనుషులు వాటి నీడల్లో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు.

మూడుకి పది నిమిషాలుండగా దక్షిణం వైపు ఒక ఇంజను చప్పుడైంది. లచ్చయ్య బోటు. మోకాటి లోతు నీళ్ళలో మనుషులు దాన్ని తోస్తున్నారు.

ఎవరైనా లేచేలోగా దానయ్య లేచి నడిచాడు. కుడిచెయ్యి గుడ్డలో కట్టి మెడకు వేలాడుతోంది. నీళ్ళలోకి దిగి, బోటు ముక్కు ముందు నిలబడి ఎడమచేత్తో తాడు పట్టుకున్నాడు. నూకరత్నం పరిగెత్తబోయింది. ఎర్రయ్య ఆమె భుజం పట్టుకుని ఆపాడు.

"తప్పుకో దానయ్యా. మీ పేట కట్టుబాటు మాకెందుకు?" అరిచాడు లచ్చయ్య.

"నిజవే. మీకు కట్టుబాటు లేదు," అన్నాడు దానయ్య. "నీను ఆపలేను కూడా. ఆపడానికి సెయ్యేది? నువ్వు ఇంజను తిప్పితే పక్కకి పడిపోతాను, అంతే."

"మరేటి నీ గొడవ?"

"గంటన్నర నాతోటి కూకో. ఆ రోజు నా బోటు కింద ఏదో తగిలింది. ఆ తగిలిన సప్పుడు నాకు రోజూ ఇనబడతాది. అది ఎవురికీ సెప్పలేదు ఇంతదాకా, మా ఆడదానికి కూడా. నీకు సెప్తాను, ఇను. అప్పటికీ పోతానంటే నీనే తోస్తాను బోటు, ఒంటి సేత్తో."

అల వచ్చి బోటు ముక్కును అతని ఛాతీకి ఆనించింది. లచ్చయ్య వెనక్కి తిరిగి ఇంజను ఆపేశాడు.

ఇద్దరూ బోటు అంచు మీద కూర్చున్నారు. దానయ్య చెబుతున్నాడు, లచ్చయ్య తలవంచుకుని వింటున్నాడు. మాటలు ఒడ్డుదాకా వినపడలేదు. తీరం పొడవునా ఎక్కడా ఇంజను చప్పుడు లేదు. ఇసక మీద కుక్కలు పరిగెడితే ఆ అడుగుల చప్పుడు కూడా వినిపిస్తోంది.

నాలుగూ ఇరవైకి తారక ఫోన్ మోగింది. భానోజీరావు గారు.

"జరిగిందమ్మా," అన్నారు. "కూడలిలో ఒక్క మాట వచ్చింది. జరిగింది. అంతే. సముద్రం ఎంత నిశ్శబ్దంగా ఉందో మీటర్లో చూస్తున్నాను. ముప్ఫయ్యేళ్ళలో ఈ ముల్లు ఇంత కిందికి దిగడం చూడలేదు."

తారక ఆ మాట నూకరత్నంతో చెప్పింది. నూకరత్నం ఎన్ని వచ్చాయో అడగబోయి ఆగిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుని నీళ్ళ వైపు నడిచింది.

నాలుగున్నరకు, గడువు తీరగానే, దానయ్య అంచు మీద నుంచి దిగి, ఎడమ భుజం బోటుకు ఆనించి సముద్రం వైపు తోశాడు. అది కదల్లేదు. నూకరత్నం వెళ్ళి అతని పక్కన భుజం ఆనించింది. ఎర్రయ్య వచ్చాడు. లచ్చయ్య కూడా నీళ్ళలోకి దూకి, తన బోటును తనే తోశాడు.